రోగి ఇల్లు మ్యాపులో ఎక్కడ పడుతోంది?

మ్యాపు మీద ఒకే చోట నలభై డెంగీ కేసులు పోగుపడి కనిపించాయనుకోండి. అక్కడికి ఫాగింగ్ బండి పంపే ముందు ఒకటి చూసుకోవాలి. అక్కడ నిజంగా నలభై మంది రోగులున్నారా, లేక సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసిందా?

చిరునామాలను అక్షాంశ రేఖాంశాలుగా మార్చడాన్ని జియోకోడింగ్ అంటారు. ఇల్లు దొరికితే సాఫ్ట్‌వేర్ ఇంటి మీదే చుక్క పెడుతుంది. దొరక్కపోతే వీధి మధ్యలో, వీధీ దొరక్కపోతే పిన్‌కోడ్ ప్రాంతం నడుమ పెట్టి ఊరుకుంటుంది. చూడ్డానికి మాత్రం చుక్కలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏ చుక్క ఇంటి స్థాయిదో, ఏది పిన్‌కోడ్ స్థాయిదో ఒక కాలమ్‌లో రాసిపెట్టుకోవాలి. అది లేని మ్యాపును నేనైతే నమ్మను.

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు ఈ పనికి పెద్ద తలనొప్పి. వార్డు, బ్లాకు, ఇల్లు, ఆపైన స్థలం ముక్కలయ్యేకొద్దీ 'బై' నంబర్లు. ఓపీ చీటీలో "గుడి వెనక, ట్యాంకు దగ్గర" అని ఉంటే పోస్ట్‌మ్యాన్ ఇల్లు పట్టుకుంటాడు గానీ కంప్యూటర్ పట్టలేదు. పిన్‌కోడ్ 1972లో వచ్చింది ఉత్తరాలు వేరు చేయడానికి. పల్లెల్లో ఒక్కో కోడ్ కింద ఎన్నో ఊళ్లుంటాయి. జిల్లావారీ క్షయ లెక్కలకు అది సరిపోవచ్చు. డెంగీ దోమ సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు కాబట్టి, చుక్క అర కిలోమీటరు జరిగినా మందు వేరే బస్తీలో కొడతారు.

దొరకని చిరునామాలను తీసి పక్కన పెట్టేద్దామా? అలా పోయేవి ఎక్కువగా మురికివాడలవీ, తండాలవీ. జబ్బు ఎక్కువున్న చోటే మ్యాపు ఖాళీగా కనిపించే ప్రమాదం ఉంది.

2025లో తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేసిన డిజిపిన్ బయటికొచ్చింది. దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి అక్షరాలూ అంకెలూ కలిపి 10 గుర్తుల కోడ్ ఇచ్చారు. ఇల్లెక్కడో దీంతో తేలుతుంది. అయితే ఆధార్‌లో సొంతూరు, ఉండేది కూకట్‌పల్లి హాస్టల్లో అయితే ఏ ఇంటి కోడ్ రాయాలి?

1854 లండన్ కలరాలో జాన్ స్నో అనే డాక్టరు ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. జబ్బుకు మూలమని అతను అనుమానించిన బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపుకు దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు చనిపోయింది. చిరునామా చూస్తే పంపుతో సంబంధమే లేదు. స్నో ఆమె కొడుకును అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆ నీళ్ల రుచి నచ్చి, ఆమె రోజూ బండి మీద ఒక సీసా తెప్పించుకునేదట.

ఇంత కష్టపడి సరిచేసిన చుక్కలను బయటికిచ్చేటప్పుడు కావాలనే కాస్త పక్కకు జరుపుతారు. హెచ్‌ఐవీ రోగి ఇల్లు ఫలానా అని ఎవరూ పోల్చుకోకూడదు కదా. ఇళ్లు కిక్కిరిసిన పట్నంలో కొద్దిగా జరిపినా చాలు, విసిరేసినట్టున్న పల్లెల్లో బాగా ఎక్కువ జరపాలి.