కాలితో నడిపే బేస్‌కు ఎలాంటి ధ్వని కావాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పందిళ్లలో పాడే చిన్న తెలుగు బృందాలకు బేస్ గిటార్ కోసం విడిగా ఒక మనిషిని పెట్టుకోవడం కష్టం. కీబోర్డు వాయించేవారే కుడిచేత్తో పాటను, ఎడమచేత్తో బేస్‌ను మోస్తారు. ఆ ఎడమచేతిని కార్డ్స్‌కు, అంటే కలిపి మోగించే స్వరాలకు, వదిలి, బేస్‌ను కాలికి అప్పగించడానికి మిడి ఫుట్ పెడల్ ఉంది. పెడల్ కొన్నాక మిగిలే ప్రశ్న, అది దేన్ని మోగించాలన్నది. కచేరీ నిలబడేది చాలావరకు దీని మీదే అని నా నమ్మకం.

మిడి పెడల్‌ తనంతట తాను మోగదు. కాలు పడగానే ఏ స్వరం, ఎంత బలంగా అన్న సందేశం, కాలు తీయగానే ఆ స్వరం ఆపమన్న సందేశం పంపుతుంది, అంతే. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి 1983లో మిడి ప్రమాణం వచ్చింది. అందులో ముఖ్యపాత్ర డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలది. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. సందేశం అందుకుని మోగేది కీబోర్డు కావచ్చు, మీటలు లేకుండా ధ్వనులు మాత్రమే ఉండే పెట్టె, అంటే సౌండ్ మాడ్యూల్ కావచ్చు, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కావచ్చు.

మిడి కేబుల్‌లో సెకనుకు 31,250 బిట్లు నడుస్తాయి. స్వరం మొదలుపెట్టే సందేశం మూడు బైట్లే కాబట్టి దాదాపు ఒక మిల్లీసెకనులో చేరిపోతుంది. అందుకే డోలక్ కంటే బేస్ వెనకపడుతోందనిపిస్తే ముందు చూడాల్సింది ధ్వని పుట్టే చోట. ల్యాప్‌టాప్ ధ్వనిని చిన్న ముక్కలుగా (శాంపిళ్లుగా) పోగుచేసి బయటికి పంపుతుంది, ఆ పోగే బఫర్. బఫర్ 256 శాంపిళ్లు, వేగం సెకనుకు 48,000 శాంపిళ్లు అయితే ఆ ఒక్క మెట్టులో 5 మిల్లీసెకన్లు పోతాయి. 1,024 పెడితే 21 మిల్లీసెకన్లు. అంటే స్పీకర్‌కు మరో ఏడు మీటర్ల దూరం జరిగి వాయించినట్టే. బ్లూటూత్ స్పీకర్ జోలికి అసలు పోకూడదు; అక్కడ ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. వీటికి తోడు ధ్వని స్వభావం ఒకటుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. ఒక్క కంపనం పూర్తి కావడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. అంత మెల్లగా కదిలే ధ్వనిలో తాళం ఎక్కడ పడిందో చెవికి చెప్పేది మొదట్లో వచ్చే 'టక్' అనే చిన్న దెబ్బే. మెత్తగా ఉబ్బుతూ వచ్చే ప్యాడ్ ధ్వని ఎంత తీయగా ఉన్నా కాలి కింద పెడితే పాట బరువెక్కుతుంది.

ఇక మైక్ సెట్. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గుండె అదిరే లోతైన ధ్వనిని ఎంచుకుంటాం. ఊళ్లో అద్దెకు దొరికే టాప్ బాక్సులకు (స్టాండు మీద పెట్టే స్పీకర్లకు) చాలావరకు 50, 60 హెర్ట్జ్ కింద బలం ఉండదు. పైగా గుడి ముందు మైదానంలోనో, బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర లాంటి వీధి సందడిలోనో గది గోడలు లేవు. లోపల గోడలు బేస్‌కు ఇచ్చే ఊతం అక్కడ దొరకదు. కానీ మన వినికిడిలో ఒక అద్భుతం ఉంది. 82, 123, 164 హెర్ట్జ్ ధ్వనులు కలిసి వినిపిస్తే, 41 హెర్ట్జ్ బాక్సులోంచి రాకపోయినా మెదడు ఆ స్వరాన్నే గుర్తిస్తుంది. చిన్న రేడియోలో కూడా బేస్ నడక అర్థమయ్యేది ఇందుకే. కాబట్టి ఇలాంటి రెట్టింపు, మూడింతల ధ్వనులు, అంటే పై హార్మోనిక్స్, పుష్కలంగా ఉన్న ధ్వని కావాలి: వేలితో మీటిన బేస్ గిటార్, లేదా కొంచెం గరుకుగా ఉన్న సింథ్ బేస్. ఒట్టి సైన్ తరంగానికి దగ్గరగా ఉండే సబ్ బేస్‌లో ఆ హార్మోనిక్సే ఉండవు. హెడ్‌ఫోన్స్‌లో అది రాజాలా ఉంటుంది, పందిట్లో మాయమవుతుంది.

ఎంత బలంగా తొక్కామో కొలవని పెడళ్లు చాలా ఉన్నాయి. అవి ప్రతిసారీ ఒకే అంకె, కొన్నిసార్లు గరిష్ఠమైన 127, పంపుతాయి. బలంగా కొడితే స్లాప్ శబ్దం (తీగను బొటనవేలితో చరిచిన శబ్దం) పలికేలా చేసిన బేస్ ధ్వని దొరికితే, భజన మధ్యలో కూడా ప్రతి స్వరం స్లాపే అవుతుంది. అలాంటి పెడల్‌కు ఒకే పొర ఉన్న సాదా ధ్వని మేలు.

ఒకసారికి ఒకే స్వరం మోగించే మోనో మోడ్ ఉందో లేదో కూడా చూడాలి. వేలు లేచినంత శుభ్రంగా పాదం లేవదు. రెండు పెడళ్ల మీద ఒక్క క్షణం కలిసి ఉంటుంది. 65, 82 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగితే సెకనుకు 17 సార్లు గరగరలాడుతుంది. మోనో మోడ్‌లో కొత్త స్వరం రాగానే పాతది తప్పుకుంటుంది. రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) తీసేయండి, బేస్‌కు అది అక్కర్లేదు. గుడి వేదిక మీద చెప్పులు విడిచి వాయించేవారికి పెడల్ అంచు పాదానికి తెలుస్తుంది. అది మంచిదే, కానీ పాదం ఎంత నేర్చినా మోనో అవసరం పోదు.

గాయని శృతి ఐదున్నర, అంటే కీబోర్డు మీద జి షార్ప్, అనుకుందాం. షడ్జాన్ని సి పలికే మొదటి పెడల్ మీదికి తెచ్చుకోవాలంటే ధ్వనిని ఎనిమిది మెట్లు పైకో, నాలుగు మెట్లు కిందికో జరపాలి. పైకి జరిపితే 52 హెర్ట్జ్, కిందికి జరిపితే 26. రెండోది బాక్సుల వల్ల కాదు, పైకే జరపాలి. పక్కన హార్మోనియం ఉంటే దాని రీడ్లు కీబోర్డులు పాటించే 440 హెర్ట్జ్ శృతి దగ్గరే ఉంటాయన్న భరోసా లేదు, దాన్ని అక్కడికక్కడ మార్చలేం. అందుకే సెంట్లలో (ఒక మెట్టులో నూరో వంతుల్లో) సరిచేసుకునే వీలు ధ్వని మూలంలో ఉండి తీరాలి. భజనలో షడ్జం నిలిచి మోగాలి కాబట్టి అక్కడ ఆర్గన్ ధ్వని. గిటార్ శాంపిల్ కాలు ఎంతసేపు ఉంచినా సన్నగిల్లిపోతుంది. తెలుగు భజన అయ్యాక ఒడియా సినిమా పాట అడిగితే గిటార్‌కు మారాలి. ఈ రెండూ పక్కపక్క ప్రోగ్రాం నంబర్లలో ఉంటే చాలు, పెడల్ మీది మీటతోనే మార్చుకోవచ్చు.

కొనేముందు వెనక సాకెట్లు చూడండి. చౌక కీబోర్డులు చాలావాటికి కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ మాత్రమే ఉంటుంది. పెడల్‌ది కూడా అదే రకమైతే రెండూ నేరుగా మాట్లాడుకోలేవు, మధ్యలో రెండింటినీ కలిపే కంప్యూటర్ లాంటి హోస్ట్ ఉండాలి. గుండ్రటి ఐదు పిన్నుల సాకెట్ రెండింటికీ ఉంటే ఈ తలనొప్పి లేదు, కేబుల్ 15 మీటర్ల వరకు పోవచ్చు. కరెంటు పోయి జనరేటర్‌కు మారే ఆ కాసేపట్లో పెడల్ ఆగిపోయి, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటే, 'ఆపు' సందేశం అందక స్వరం మోగుతూనే ఉండవచ్చు. దానికి మిడిలో 123వ నంబరు కంట్రోల్ సందేశం ఉంది, అన్ని స్వరాలనూ ఆపమని. కరెంటు తిరిగి రాగానే తొక్కడానికి వీలుగా పెడల్ మీద ఒక మీటను దానికి ముందే కేటాయించుకోండి. ధ్వని మూలం ఆ సందేశానికి స్పందిస్తుందో లేదో ఇంటి దగ్గరే పరీక్షించుకోండి.