ఆవకాయ జాడీ, ఆల్బర్ట్ డాక్

చిన్నీ, కన్నా,

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న నాకు ఇంకా చెవిలోనే ఉంది. "తాతయ్యా, మా లివర్‌పూల్ ఆల్బర్ట్ డాక్‌లో అంత లావు ఇనప స్తంభాలు ఎందుకు? అక్కడ కేఫులేగా ఉన్నాయి!" అన్నారు. మీ మామ్మ ఆవకాయ జాడీ కడుగుతుంటే ఇది రాస్తున్నాను, కాబట్టి ఆ జాడీతోనే చెబుతాను.

జాడీలో ఆవకాయ ఎందుకు పెడతాం? చెమ్మ తగలకూడదు, నూనె కారకూడదు, చీమ దూరకూడదు. ఆల్బర్ట్ డాక్ అనే ఆ పాత ఓడరేవు కూడా అలాంటిదే. కాకపోతే ఆ జాడీలో పెట్టింది టీ, పట్టు, పత్తి, పంచదార, బ్రాందీ. 1846లో విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్ట్ దాన్ని ప్రారంభించారు. మధ్యలో నీళ్లు, చుట్టూ గోడౌన్లు. ఓడ లోపలికొచ్చి గోడౌన్ పక్కనే ఆగేది, సరుకు నేరుగా లోపలికి వెళ్లేది. 1848లో నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు కూడా పెట్టారు.

ఇక స్తంభాల సంగతి. చిన్నప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం మా వీధి చివర గడ్డివాము అంటుకుంది. గాలికి నిప్పురవ్వలు లేచి పక్కింటి తాటాకు కప్పు మీద పడ్డాయి, బావి దగ్గర్నుంచి బిందెలు చేతులు మారుతూ వచ్చాయి గానీ ఆ ఇంటి గాదెలో విత్తనాలకని దాచిన వడ్లు మాడిపోయాయి, ఆ మాడు వాసన వారం రోజులు ఊళ్లోంచి పోలేదు. ఆ గాదె పక్కన కూర్చుని ఏడ్చిన పెద్దాయన ముఖం నాకిప్పటికీ గుర్తే.

లివర్‌పూల్‌లోనూ గోడౌన్లు అలాగే తగలబడేవి. చెక్క దూలాలు, చెక్క నేల, పైగా లోపలంతా పత్తి! అందుకే జెస్సీ హార్ట్‌లీ అనే ఇంజనీరు ముందు చిన్న నమూనా కట్టించి, లోపల కలప, తారు నింపి నిప్పంటించి చూశాడు. ఎంత ఓపిక! ఆ తర్వాతే ఇనుము, ఇటుక, రాయితో మొత్తం కట్టాడు, బరువు మోసే చోట చెక్కన్నదే లేకుండా. 2 కోట్లకు పైగా ఇటుకలు పట్టాయి. అంత బరువు మోయాలంటే స్తంభాలు మరి లావుగా ఉండాలి కదా.

మన జాడీ దగ్గరికి వద్దాం. ఆవకాయ అయిపోయాక మామ్మ అందులో చింతపండు పెట్టింది, తర్వాత ఉప్పు, ఆ తర్వాత కొన్నేళ్లు అటక మీద దుమ్ము కొట్టుకుపోయింది. డాక్‌కీ అదే గతి పట్టింది. ఆవిరి ఓడలు పెద్దవైపోయి దాని గుమ్మంలో పట్టలేదు, 1920 నాటికి ఓడలు రావడం దాదాపు ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళం వాడుకుంది, బాంబులు పడ్డాయి. 1972లో పూర్తిగా మూతపడి, నీళ్లున్న చోట బురద పేరుకుపోయింది. కూల్చేద్దామన్న వాళ్లూ ఉన్నారు. పనికిరాదనిపించిన దాన్ని పారేసే ముందు ఒక్కసారి కడిగి చూడాలి నాన్నా. వాళ్లూ కడిగారు. 1980లలో బురద తోడేశారు, ఓడల మ్యూజియం వచ్చింది, 1988లో టేట్ చిత్రశాల తెరిచారు. 2007లో అక్కడే బానిసత్వపు చరిత్ర చెప్పే మ్యూజియం కూడా పెట్టారు. ఆ ఊరి సంపదలో బానిసల చెమట ఎంతుందో దాచకుండా చెప్పడం నాకు చాలా నచ్చింది. మీరు ఇంకాస్త పెద్దయ్యాక అమ్మతో కలిసి నెమ్మదిగా చూడండి.

ఇనప దూలాల మీద ఇటుకల కమానులు ఎలా నిలబడతాయో కాగితం మీద చెప్పడం నావల్ల కావట్లేదు. ఈసారి వెళ్లినప్పుడు తలెత్తి మీరే చూడండి. తర్వాత ఒక ఎర్ర స్తంభాన్ని ఇద్దరూ చెరో వైపు నుంచి వాటేసుకుని, చేతులు కలిశాయో లేదో నాకు రాయండి. కలవకపోతే నాన్నని కూడా పిలవండి.

మీ
తాతయ్య