స్కానర్ యాంటెన్నాతో సీబీ రేడియో వినడం: విశాఖ మేడల మీద తరచూ వినే అపోహలు, వాస్తవాలు

స్కానర్ (రకరకాల ఫ్రీక్వెన్సీలు వెతికి వినిపించే రేడియో) కోసం డిస్కోన్ యాంటెన్నా (పైన పళ్లెంలా, కింద గొడుగులా పుల్లలుండేది) కొనుక్కొచ్చి, నాలుగంతస్తుల మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన పైపుకి బిగించి, కేబుల్ కిందికి దింపుకున్నాక కూడా సీబీ (సామాన్యులు మాట్లాడుకునే చిన్న రేడియో) ఉండే 27 మెగాహెర్ట్జ్‌లో గరగర తప్ప ఏమీ రావడం లేదని ఈమధ్య ఎంవీపీ కాలనీ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, డబ్బా మీద 25 నుంచి 1300 మెగాహెర్ట్జ్ వరకు అని ఉంది కదండీ" అన్నాడు. ఉంది. ఈ ఊళ్లో యాంటెన్నాలు కట్టే పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: డబ్బా మీద 25 అని ఉంటే 27లో కూడా మిగతా చోట్ల పట్టినంత బాగా పడుతుంది.

వాస్తవం: 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. యాంటెన్నా పుల్ల అందులో పావు వంతైనా ఉండాలి, అంటే సుమారు 2.75 మీటర్లు. డిస్కోన్‌లో కిందికి వాలిన పుల్లలు చాలావాటిలో మీటరు కూడా ఉండవు. ఆ పొడవు 80, 90 మెగాహెర్ట్జ్ నుంచి పైకి సరిపోతుంది. అందుకే 118 నుంచి 137 మధ్య ఉండే విమానాల బ్యాండ్‌లో అది చక్కగా పనిచేస్తుంది. 27కి వచ్చేసరికి అది మేడ మీద నిలబెట్టిన పొట్టి కడ్డీ, అంతే. పైన నిలువు పుల్ల ఉన్న రకం కొంచెం నయం.

దానికి బదులు రెండు ముక్కల రాగి తీగ చాలు. ఒక్కొక్కటి 2.6 మీటర్లు. మధ్యలో కేబుల్ కలిపి, ఒక తీగని పైకి, ఒకదాన్ని కిందికి నిలువుగా కట్టండి. వెదురు గెడ దొరికితే మంచిది, లేకపోతే పీవీసీ పైపు. ఇనప పైపుకి ఆనించి మాత్రం కట్టొద్దు. సీబీలో వాహనాల మీద, ఇళ్ల మీద ఉండేవి ఎక్కువగా నిలువు యాంటెన్నాలే కాబట్టి దగ్గర్లోని వాళ్లని వినాలంటే మనదీ నిలువుగానే ఉండాలి. కేబుల్ 50 ఓమ్‌లదే కావాలని బెంగ పెట్టుకోకండి. టీవీకి వాడే 75 ఓమ్‌ల కేబుల్ వినడానికి పూర్తిగా సరిపోతుంది. ఆ తేడా వల్ల పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు.

అపోహ: సిగ్నల్ తక్కువగా ఉందంటే ఆంప్లిఫయర్ పెట్టాలి.

మొదట్లో నేనూ అలాగే పెట్టాను. 27లో పాటలు వినిపించాయి! ఊళ్లోని ఎఫ్ఎం స్టేషన్లన్నీ ఆ ఆంప్లిఫయర్‌లోకి చొరబడి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, లేని చోట తేలాయి. 8 బిట్ల ఆర్టీఎల్ఎస్డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించి వినే చిన్న రేడియో) వాడేవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. గెయిన్‌ని (రేడియో సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) ఆటోమేటిక్‌లో ఉంచకుండా ఒకచోట నిలిపి, యాంటెన్నా ఊడదీసి గరగర స్థాయి చూడండి. మళ్లీ తగిలించండి. తగిలించగానే గరగర పెరిగితే మీ రేడియో చెవి బాగానే ఉంది, బయటి రొద లోపలికి వస్తోంది. అప్పుడు ఆంప్లిఫయర్ మాటనీ రొదనీ కలిపే పెంచుతుంది. పెరగకపోతేనే యాంటెన్నా చాల్లేదని, లేదా కనెక్టర్ పోయిందని అర్థం.

ఆ రొద ఎక్కడిదో వెతకడమే అసలు పని. మొదట ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద రేడియో వినండి. సగం ఇళ్లలో అక్కడే దొంగ దొరుకుతాడు: ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, ఇన్వర్టర్. యాంటెన్నాని ఇంటి వైరింగ్‌కి దూరంగా, మేడ మీద ఆ చివరికి జరపండి. కేబుల్ పైభాగాన్ని, యాంటెన్నాకి దగ్గరగా, జానెడు వెడల్పు చుట్టగా ఆరేడు చుట్లు చుట్టి టేపు వెయ్యండి. కేబుల్ పైతొడుగు మీదుగా ఎక్కొచ్చే ఇంటి రొద అక్కడ చాలావరకు ఆగుతుంది.

మెయిన్ ఆపినా చిటపట తగ్గకపోతే వీధిలోకి చూడండి. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి కరెంటు స్తంభాల మీద పింగాణీలకి పొరలా పడుతుంది. రాత్రి తేమకి ఆ పొర తడిసి, దాని మీద సన్నగా నిప్పురవ్వలు పాకుతాయి. గట్టి వాన పడి పింగాణీ కడిగేస్తే మర్నాడు బ్యాండ్ ప్రశాంతంగా ఉంటుంది. బీచ్ వైపు ఇళ్లలో నేను ఇది ఎన్నోసార్లు గమనించాను. 2014 హుద్‌హుద్ తర్వాత తీగలు భూమిలోకి వెళ్లిన వీధుల్లో ఉన్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. అదే ఉప్పు మీ కనెక్టర్లోకి కూడా దూరి రాగిని పచ్చగా చిలుము పట్టిస్తుంది. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకి ఊడిపోతుంది. తనకి తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వెయ్యండి. ఏడాదికోసారి విప్పి చూడండి.

అపోహ: ఎత్తు పెంచితే అన్నీ వినిపిస్తాయి.

ఎత్తు మంచిదే. కానీ పెందుర్తికీ మధురవాడకీ మధ్య సింహాచలం కొండలు ఉన్నాయి, పది అడుగులు పెంచితే అవి తొలగవు. పైగా ఈ ఊళ్లో సీబీలో మాట్లాడేవాళ్లే తక్కువ. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో, పగటిపూట, అయనావరణం నుంచి వంగి వచ్చే దూరపు గొంతులే ఎక్కువగా వినిపిస్తాయి. వాటికి మేడ ఎత్తు చాలు.

యాంటెన్నా మార్చేముందు స్కానర్ మోడ్ చూడండి. ఏఎం మాటని ఎఫ్ఎం మోడ్‌లో వింటే ముద్దగా ఉంటుంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగరని నొక్కేసే అమరిక) బిగించి ఉంటే బలహీనమైన గొంతు అసలు బయటికే రాదు.

అపోహ: అదే యాంటెన్నాకి సీబీ సెట్ తగిలించి మాట్లాడొచ్చు.

వద్దు. 27లో డిస్కోన్ సెట్‌కి సరిగ్గా కుదరదు, ట్రాన్స్‌మిటర్ వేడెక్కి పోతుంది. ఒకే కేబుల్‌ని చీల్చి స్కానర్‌కీ సెట్‌కీ ఇస్తే మాట్లాడటానికి మీట నొక్కగానే స్కానర్ ముందుభాగం కాలిపోతుంది. చట్టం సంగతి కూడా ఉంది. 2005 నిబంధనల ప్రకారం లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి మన దేశంలో వదిలింది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్, 5 వాట్ల లోపు, అదీ సెట్‌లోనే ఉన్న యాంటెన్నాతో. అమెరికా 40 ఛానెళ్లలో మొదటి 27 ఇందులో పడతాయి. మేడ మీది యాంటెన్నాతో మాట్లాడాలని ఉంటే హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ పరీక్ష రాయండి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు మనది, మేడ మీద కొత్త కడ్డీ కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. కాగితాలు దగ్గరుంచుకోవడం మంచిది.

యాంటెన్నా బాగుపడిందో లేదో తేల్చుకోవడానికి 28.200 మెగాహెర్ట్జ్ వినండి. ప్రపంచంలో 18 చోట్ల పెట్టిన హామ్ బీకన్లు (తమంతట తామే సంకేతాలు పంపే ట్రాన్స్‌మిటర్లు) మూడు నిమిషాలకోసారి వరసగా అక్కడ మోర్స్ పంపుతాయి. హాంకాంగ్, జపాన్, కెన్యా అందులో ఉన్నాయి. ప్రతి బీకన్ తన పేరు చెప్పి నాలుగు పొడుగు గీతలు కొడుతుంది: 100 వాట్లు, 10, 1, 0.1. ఎన్ని గీతలు వినపడితే మీ యాంటెన్నా అంత బాగున్నట్టు. డాంగిల్‌తో వింటే సీడబ్ల్యూ, అంటే మోర్స్ వినే మోడ్ పెట్టాలి. ఆ ఎంవీపీ కాలనీ కుర్రాడికి డిస్కోన్‌తో హాంకాంగ్ మొదటి గీత అనుమానంగా వినిపించింది. తీగ కట్టి, చుట్ట చుట్టి, మెట్ల మీది ఎల్ఈడీ బల్బు మార్చాక మూడోది వినిపించిందని ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.