టెక్సాస్ దేశానికి తాళం వేసిన డాక్టరు

"టెక్సాస్ అమెరికా నుంచి విడిపోవాలి" అని అక్కడ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, డాలస్‌లో ఉన్న మనవాళ్లకి ఇది కొత్త కాదు. అలా కుదరదని సుప్రీంకోర్టు 1869లోనే తేల్చేసింది, అయినా ఆ మాట చావదు, ఎందుకంటే 1836లో మెక్సికో నుంచి విడిపోయాక దాదాపు పదేళ్లు టెక్సాస్ నిజంగానే వేరే దేశం. దాని చివరి అధ్యక్షుడు ఒక డాక్టరు, యాన్సన్ జోన్స్.

1798లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. వైద్యం నేర్చుకున్నాడు గానీ రోగులు రాలేదు, అప్పులొచ్చాయి, ఫిలడెల్ఫియాలో అప్పులవాడు అరెస్టు కూడా చేయించాడు. 1833లో టెక్సాస్‌లోని బ్రజోరియా చేరాకే ప్రాక్టీసు నిలబడింది. 1836లో మెక్సికో సైన్యాన్ని ఓడించిన శాన్ జసింటో యుద్ధంలో సర్జన్, తర్వాత టెక్సాస్ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు, విదేశాంగ మంత్రి, 1844 డిసెంబరులో అధ్యక్షుడు.

అసలు కథ ఇక్కడుంది. టెక్సాస్‌ని కలుపుకోవాలంటే అమెరికాకి భయం, ఎందుకంటే అది బానిసలతో పత్తి పండించే నేల (జోన్స్‌కీ బానిసలున్నారు), కలిపితే బానిసత్వం లేని ఉత్తర రాష్ట్రాలకీ, ఉన్న దక్షిణ రాష్ట్రాలకీ మధ్య తూకం చెడుతుంది. 1844లో అక్కడి సెనేట్ విలీన ఒప్పందాన్ని 35-16తో కొట్టేసింది. మరుసటి ఏడాది మార్చిలో అమెరికా మనసు మార్చుకుంది. అప్పుడు జోన్స్ గబగబా తలూపకుండా, బ్రిటన్, ఫ్రాన్స్ రాయబారుల ద్వారా మెక్సికోతోనూ బేరం నడిపాడు. ఆ బ్రిటిష్ రాయబారి చార్లెస్ ఇలియట్, నల్లమందు యుద్ధం రోజుల్లో చైనాలో పనిచేసిన ఆయనే, తెల్ల టోపీ పెట్టుకుని గుట్టుగా మెక్సికో వెళ్లొచ్చాడు. మీరు విడిగా ఉంటే గుర్తిస్తాం అని మెక్సికో రాసిచ్చింది. ఒక చేతిలో విలీనం, ఇంకో చేతిలో స్వాతంత్ర్యం. నా దృష్టిలో ఇది మంచి దౌత్యమే, కానీ జనానికి మాత్రం ఈయన నాన్చుతున్నట్టు, అమ్ముడుపోయినట్టు కనిపించింది. దిష్టిబొమ్మలు తగలబెట్టారు. టెక్సాస్ కాంగ్రెస్ విలీనానికే ఓటేసింది.

1846 ఫిబ్రవరి 19న ఆస్టిన్‌లో "టెక్సాస్ గణతంత్రం ఇక లేదు" అని జోన్సే ప్రకటించాడు, జెండా దిగింది. తనను అమెరికా సెనేట్‌కి పంపిస్తారని ఆశపడ్డాడు. ఆయన బదులు టెక్సాస్ మాజీ అధ్యక్షుడు శామ్ హ్యూస్టన్, ఇంకో నాయకుడు థామస్ రస్క్ వెళ్లారు. 1857లో మళ్లీ ఎదురుచూశాడు, సెనేటర్లను ఎన్నుకునే రాష్ట్ర శాసనసభలో ఒక్క ఓటూ పడలేదు. తర్వాతి జనవరిలో హ్యూస్టన్ నగరంలో ఒక హోటల్‌లో దిగి అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల క్రితం తను కాంగ్రెస్ సభ్యుడిగా కూర్చున్న పాత రాజధాని భవనాన్నే అప్పటికి హోటల్‌గా మార్చేశారు.