గనిలో పిల్లలు, సభలో ప్రభువు

చిరంజీవులైన పిల్లలందరికీ,

ఆశీస్సులు. పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదనే చట్టం మొదట ఎవరికి తోచిందని అడిగారు కదా. ఇలాంటివి ఒక్కరికి తోచి, ఒక్కరోజులో జరిగిపోయేవి కావు. కానీ ఆ కథలో మొదటి నుంచి చివరి దాకా కనిపించే మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ఆంథొనీ ఆష్లీ కూపర్. ఇంగ్లండ్‌లో ఎర్ల్ అనే బిరుదున్న ప్రభు వంశం వాళ్ళది. మొదట్లో ఆయన్ని ఆష్లీ అనేవారు; తండ్రి పోయాక షాఫ్ట్స్‌బరీ ఏడవ ఎర్ల్ అయ్యాడు. ఆయన్ని మహాత్ముణ్ణి చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. నచ్చనివీ చెబుతాను.

1801లో లండన్‌లో పుట్టాడు. ఇంట్లో సిరికి లోటు లేదు, ప్రేమే లేదు. తల్లిదండ్రులకు పిల్లల మీద ధ్యాస తక్కువ, కోపం ఎక్కువ. ఆ ఇంటి పనులు చూసుకునే మరియా మిల్లిస్ అనే ఆవిడే ఈ పిల్లవాణ్ణి దగ్గరకు తీసి, ప్రార్థన చేయడం నేర్పింది. ఆమె చనిపోతూ తన గడియారం అతనికి ఇచ్చింది. ఎన్ని ఖరీదైన గడియారాలు కొనుక్కోగలిగినా ఆయన జీవితమంతా దాన్నే పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే, తన ప్రాణస్నేహితురాలు ఇచ్చిందని చెప్పేవాడట.

1826లో పార్లమెంటులో అడుగుపెట్టాడు. ఎలాగనుకున్నారు? వుడ్‌స్టాక్ అనే నియోజకవర్గం ఆయన తల్లి పుట్టింటివారైన మార్ల్‌బరో డ్యూకుల గుప్పిట్లో ఉండేది. వాళ్ళు చెప్పినవారే గెలిచేవారు. ఆ రోజుల్లో చాలా సీట్ల సంగతి అంతే. ఇలా తేరగా వచ్చిన పదవిలో కూర్చుని ఆయన ముందుగా పట్టించుకున్నది మతి చెడినవారిని. లండన్‌లోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో రోగులను శనివారం గడ్డిమీద గొలుసులతో కట్టేసి, మళ్ళీ సోమవారం దాకా తొంగి చూసేవారు కాదు. ఈ ఆసుపత్రులను తనిఖీ చేసే సంఘానికి ఆయన 1845 నుంచి చనిపోయేదాకా అధ్యక్షుడిగా ఉన్నాడు.

ఇక పిల్లల సంగతి. అప్పట్లో ఇంగ్లండ్ నూలు మిల్లుల్లో మీకంటే చిన్నవాళ్ళు పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేసేవారు. రోజుకు పది గంటలకు మించి చేయించకూడదని మైకేల్ శాడ్లర్ అనే సభ్యుడు పోరాడుతూ, 1832 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆ బరువు ఆష్లీ భుజాన పడింది. ఆయన బిల్లు ఓడిపోయింది గానీ, 1833లో ప్రభుత్వమే వేరే చట్టం తెచ్చింది. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లలు ఉండకూడదు. తొమ్మిది నుంచి పదమూడేళ్ళలోపు వారికి రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించకూడదు. మీకు ఇది కూడా దారుణంగానే అనిపిస్తుంది. కానీ ఆ చట్టంలో ఒక కొత్త సంగతి ఉంది, ఇన్‌స్పెక్టర్లు. అంతకుముందు చట్టాలు లేకపోలేదు. అమలవుతున్నాయో లేదో చూసే మనిషే సరిగా లేడు. ఇప్పుడు దేశం మొత్తానికి నలుగురిని పెట్టారు. నలుగురంటే నవ్వు వస్తుంది, నిజమే. అయినా వాళ్ళకు మిల్లు లోపలికి వెళ్ళి చూసే హక్కు ఉంది.

మిల్లుల్లో అయితే కిటికీలైనా ఉంటాయి. బొగ్గుగనుల్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. 1838లో యార్క్‌షైర్‌లోని హస్కర్ గనిలోకి వాననీళ్ళు పోటెత్తి 26 మంది పిల్లలు మునిగి చనిపోయారు. 1840లో ఆష్లీ పట్టుబట్టి ఒక విచారణ సంఘం వేయించాడు. సంఘం మనుషులు గనులకు వెళ్ళి, ఆ పిల్లలనే అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. పిల్లల మాటను సాక్ష్యంగా తీసుకోవడం.

గని లోపల గాలి సరైన దారిలో తిరగడానికి అక్కడక్కడా తలుపులు పెడతారు. బొగ్గు బండి వచ్చినప్పుడు తలుపు తెరవాలి, వెళ్ళగానే మూయాలి. ఈ పని చేయడానికి బలం అక్కర్లేదు కాబట్టి ఐదారేళ్ళ పిల్లలను కూర్చోబెట్టేవారు. గాబర్ గనిలో శారా గూడర్ అనే ఎనిమిదేళ్ళ పాప ఏం చెప్పిందో చూడండి: ఈ పని అలసటగా ఉండదు గానీ దీపం లేకుండా కూర్చోవాలి, భయమేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే వెళ్తాను, సాయంత్రం ఐదు, ఐదున్నరకు పైకి వస్తాను. నిద్రపోను. వెలుతురు ఉంటే ఒక్కోసారి పాడుకుంటాను. చీకట్లో పాడను, ధైర్యం చాలదు.

1842లో ఆ నివేదిక బొమ్మలతో సహా అచ్చయింది. నడుముకు పట్టీ, కాళ్ళ మధ్య గొలుసు కట్టుకుని, నాలుగు కాళ్ళ మీద పాకుతూ బొగ్గు బండి లాగుతున్న ఆడపిల్లల బొమ్మలు. లావుపాటి నివేదిక చదవడానికి ఓపిక లేని సభ్యులు కూడా బొమ్మ చూడకుండా ఉండలేరు కదా! జూన్ 7న ఆష్లీ రెండు గంటలసేపు మాట్లాడాడు. ఆయన పెట్టిన గనుల బిల్లు, ఎన్నికైన సభ్యులుండే కామన్స్ సభ దాటింది. ప్రభువుల సభలో బొగ్గుగనుల యజమానులు ఉన్నారు, అక్కడ దాని రెక్కలు కత్తిరించారు. పదమూడేళ్ళలోపు అబ్బాయిలు గనిలోకి దిగకూడదని ఆష్లీ అడిగితే, చివరకు చట్టంలో మిగిలింది పదేళ్ళు. ఆడవాళ్ళను, ఆడపిల్లలను మాత్రం పూర్తిగా గని నుంచి బయటికి తెచ్చారు.

పది గంటల చట్టం 1847లో వచ్చింది. అప్పుడు ఆష్లీ సభలోనే లేడు. ధాన్యం దిగుమతి సుంకాలు ఉండాలన్న ఆయన అభిప్రాయం మారింది. ఓటేసిన రైతులకు ఇచ్చిన మాటకు ఇది విరుద్ధమని 1846లో తనే రాజీనామా చేశాడు. ఈ కాలంలో ఇలాంటిది వింటే వింతగా ఉంటుంది. బిల్లును గట్టెక్కించినవాడు జాన్ ఫీల్డెన్, ఆయన స్వయంగా మిల్లు యజమాని.

ఇప్పుడు నచ్చనివి. ఊరందరి మిల్లుల గురించి మాట్లాడతావు, మీ నాన్న పొలాల్లో కూలీలు ఎలాంటి గుడిసెల్లో ఉన్నారో చూశావా అని ప్రత్యర్థులు ఎత్తిపొడిచేవారు. ఆ మాట నిజమే. డోర్సెట్‌లోని సొంత ఎస్టేటులో పరిస్థితి ఘోరంగా ఉండేది. 1851లో ఎస్టేటు చేతికి వచ్చాక, అప్పులతో పాటు ఆ గుడిసెలూ ఆయన పాలయ్యాయి. ఇంట్లోని చిత్రపటాలు అమ్మి మరీ కొత్త ఇళ్ళు కట్టించాడు. అంతకంటే నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఎవరి పిల్లల కోసం ఇంత పాటుపడ్డాడో ఆ కూలీలకు ఓటు హక్కు ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. కార్మిక సంఘాలన్నా పడేది కాదు. పేదలను పెద్దలు కాపాడాలి, అంతేగాని పేదలు పాలించకూడదు అన్నది ఆయన నమ్మకం. దయ ఉన్నచోట సమానత్వం ఉండి తీరాలని లేదు.

ఇళ్ళల్లో చలిమంటల పొగ పోయే పొగగొట్టాలు శుభ్రం చేసే పిల్లల కథ మరీ పొడుగు. ఇరుకు గొట్టంలో పైకి పాకాలి కాబట్టి చిన్నపిల్లలే కావాలి. చర్మం మొద్దుబారాలని మోచేతులకు, మోకాళ్ళకు మంట దగ్గర ఉప్పునీళ్ళు రుద్దేవారు. చట్టాలు చేశారు, ఎవరూ లెక్కచేయలేదు. చీపుర్లున్న యంత్రం అప్పటికే ఉంది. కానీ పాత పెద్ద ఇళ్ళ వంకర గొట్టాలకు అది పట్టదు, గొట్టాలు మార్చడానికి ఇంటివాళ్ళకు మనసొప్పదు. 1875లో కేంబ్రిడ్జ్ దగ్గర జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు గొట్టంలో ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అప్పటికి డెబ్భై దాటిన షాఫ్ట్స్‌బరీ మళ్ళీ లేచాడు. ఈసారి చట్టంలో, పొగగొట్టాలు తుడిచే మేస్త్రీ పోలీసుల దగ్గర లైసెన్సు తీసుకోవాలని పెట్టారు. తప్పు చేస్తే లైసెన్సు పోతుంది. అప్పటిదాకా పనిచేయని చట్టం అప్పుడు పనిచేసింది.

మన దేశానికీ ఈయనకూ సంబంధం ఉంది. 1828లోనే ఇండియా వ్యవహారాలు చూసే బోర్డులో సభ్యుడయ్యాడు. 1843లో ఈస్టిండియా కంపెనీ సాగించే నల్లమందు వ్యాపారాన్ని సభలో నిలదీశాడు. ముసలితనంలో బొంబాయి నూలు మిల్లుల్లో పిల్లల పని గురించి ప్రభువుల సభలో మాట్లాడాడు. ఆయన పక్కన ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుదారులూ గొంతు కలిపారు. పనిగంటలు తగ్గిస్తే పోటీలో చితికిపోతామని ఒకప్పుడు గోల పెట్టినవాళ్ళకు, పోటీ బొంబాయి నుంచి రాగానే పిల్లల మీద జాలి పుట్టుకొచ్చింది. ఏదైతేనేం, 1881లో ఇండియాకు మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. వందమందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీలకే అది వర్తించేది. ఏడేళ్ళలోపు పిల్లలను పెట్టుకోకూడదు, పన్నెండేళ్ళలోపు వారికి తొమ్మిది గంటలు మించకూడదు. పదేళ్ళ తర్వాత ఆ కనీస వయసు తొమ్మిదికి పెరిగింది, పిల్లల పనిగంటలు ఏడుకు తగ్గాయి. షాఫ్ట్స్‌బరీ అది చూడలేదు, 1885లోనే పోయాడు.

మీ పాఠంలో ఈ 1881 చట్టం ఉందో లేదో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య