టామ్‌ను అడిగిన ప్రశ్న

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో మీరు చూసిన బొమ్మ ఫొటో అందింది. "కొండా, నదీ తప్ప ఏమీ లేవు. ఇందులో అమెరికా ఎక్కడుంది తాతయ్యా?" అని అడిగారు. ఫోనులో తేలే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

అది 1836లో థామస్ కోల్ వేసిన చిత్రం. ఆయన ఇంగ్లండులో పుట్టి, పదిహేడేళ్ళ వయసులో అమెరికా చేరినవాడు. మసాచుసెట్స్‌లో హోల్యోక్ కొండ మీద నుంచి చూస్తే కనెక్టికట్ నది అలా మెలిక తిరిగి కనిపించేది. ఎద్దు మెడ కింద కాడికి బిగించే వంపు కర్రలా ఉంటుందని ఆ మెలికను ఆక్స్‌బో అన్నారు. ఎడమవైపు విరిగిన చెట్లు, దాటిపోతున్న గాలివాన. కుడివైపు ఎండలో మెరిసే పంట చేలు. అడవి వెనక్కి తగ్గి పొలం ముందుకు వస్తుంది, ఈ దేశం నడిచే దారి ఇదే అని చాలామంది దాన్ని చదువుకున్నారు. అడవులు నరికేస్తున్నారని కోల్ బాధపడ్డాడు కూడా. కింద రాళ్ళ మధ్య వెతకండి, టోపీ పెట్టుకుని బొమ్మ వేస్తున్న చిన్న మనిషి ఉంటాడు. అది కోలే.

మరి ఆ చేలు అంతకుముందు ఎవరివి?

ఈ మాట అడిగిన చిత్రకారిణి కే వాకింగ్‌స్టిక్. 1935లో పుట్టారు, తండ్రి చెరొకీ అనే అమెరికా ఆదివాసీ జాతివారు. కోల్ ఆ బొమ్మ వేసిన రెండేళ్ళకే, 1838లో, చెరొకీలను సైనికులు ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి పడమటికి నడిపించారు. దారిలో వేలమంది చనిపోయారు. ఆమె 2020లో అదే నది మెలికను మళ్ళీ చిత్రించి, 'టామ్, పోకమ్‌టక్‌లు ఎక్కడ?' అని పేరు పెట్టారు. టామ్ అంటే థామస్ కోల్. పోకమ్‌టక్‌లు ఆ లోయలో బతికిన ఆదివాసులు, పదిహేడో శతాబ్దపు యుద్ధాల్లో చెదిరిపోయినవారు. ఆమె కొండను, నదిని ప్రేమగానే వేస్తారు. ఆ పైన, చీరకు అంచు వేసినట్టు, ఆ నేలకు చెందిన ఆదివాసుల అల్లికల నమూనాలు దిద్దుతారు. ఆ అంచును దాటకుండా చూపు నది దాకా వెళ్ళదు. కోల్‌ను తిట్టకుండా, పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచి అడిగినట్టుండే ఆ తీరు నాకెంతో ఇష్టం.

ఇంకొకరి ఫొటోలు కూడా చూడండి. దావూద్ బే 2017లో ఒహాయోలో తీసినవి. బానిసత్వం నుంచి పారిపోయినవారు రహస్యంగా దాటిన ప్రాంతాలు అవి. పగలు తీసి, చీకటి కమ్మినట్టు నల్లగా ముద్రించారు. వాటిలో మనుషులే లేరు. పొదల చాటున నక్కి చూస్తున్నది మనమే అనిపిస్తుంది. ఒక ఫొటోలో ఈరీ సరస్సు నల్లగా కదులుతూ ఉంటుంది. దాని అవతలి ఒడ్డు, వాళ్ళు చేరాలనుకున్న కెనడా.

మీ
తాతయ్య