ఫోటోలోని గుండు పాప ఎవరు?

చిట్టికి, దాంతో పాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినదానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. ఇంతలో మీ అమ్మ "హోంవర్కు మిగిలి ఉంది నాన్నా" అంటూ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఫోటో చూశావట. గుండుకు గంధం, నోరంతా తెరిచి ఏడుపు. "అది నేనేనంటారు. నాకేమీ గుర్తులేదు, పోలికా లేదు. మరి అది నేనెలా అవుతాను?" అన్నావు. మీ అన్నయ్య నవ్వాడట. నవ్వాల్సిన ప్రశ్న కాదది. గడ్డాలు నెరిసిన వాళ్ళు కూడా తల పట్టుకున్న ప్రశ్న.

ముందు ఒంటి సంగతి చూద్దాం. ఆ పాప జుట్టు కొండ మీదే ఉండిపోయింది. పాలపళ్ళు ఊడిపోయాయి, ఒకదాన్ని నేనే పెంకుల మీదకు విసిరాను. ఒంటి పైచర్మం నెలా నెలన్నరలో మారిపోతూ ఉంటుంది. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులే. ఇక మిగిలిందేమిటి? మెదడు పైపొరలోని నాడీకణాలు చాలావరకు పుట్టినప్పటివే, చివరిదాకా ఉంటాయి. అమ్మ కడుపులో ఉండగానే వేళ్ళ మీద పడ్డ గీతలు కూడా ఉంటాయి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక ఒప్పందం మీద సంతకంతో సరిపెట్టకుండా చేతిముద్ర వేయించాడు. తర్వాత తన వేలిముద్రలే వయసులో ఉండగా ఒకసారి, ముసలితనంలో ఒకసారి తీసి పోల్చి చూశాడు. గీతల వరస అదే. నీకు ఐదేళ్ళు దాటాక ఆధార్ కోసం వేళ్ళు మిషన్ మీద పెట్టించారు, గుర్తుందా? పదిహేనేళ్ళకు మళ్ళీ పెట్టాలి.

అయితే వేలిముద్ర ప్రభుత్వానికి చాలు. నీకు చాలదుగా!

మీ అమ్మమ్మ పెరుగు తోడుపెట్టడం చూశావు కదా. పాలు కాచి, దించి, చిటికెన వేలు ముంచి చూస్తుంది. గోరువెచ్చగా ఉన్నాయనుకుంటే నిన్నటి పెరుగు ఒక చెంచాడు వేసి, ఒక తిప్పు తిప్పి, మూత పెట్టేస్తుంది. ఆ చెంచాలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని చక్కెరను తిని పుల్లటి ఆమ్లం వదులుతాయి, రాత్రికి రాత్రే లెక్కలేనన్ని అవుతాయి. తెల్లారేసరికి పెరుగు గడ్డ కట్టి ఉంటుంది. నిన్నటి పెరుగు మనం తినేశాం, ఇవాళ్టి పాలు కొత్తవి. అయినా మా ఇంటి పెరుగు మా ఇంటి పెరుగే. పక్కింటివాళ్ళది కాస్త పులుపెక్కువ. (ఇది మీ అమ్మమ్మ మాట, నాది కాదు.)

నువ్వూ అంతే అనుకో. ఏ రోజుకారోజు కొత్త పాలు: కొత్త క్లాసు, కొత్త స్నేహితురాలు, కొత్త తగాదా. అందులో పడే చెంచాడు మాత్రం నిన్నటిది. నీ గుర్తులు, ఇష్టాలు, బల్లి భయం, కాకరకాయ అంటే మొహం తిప్పుకోవడం, అన్నీ అందులోవే. నిన్నటి నువ్వు ఇవాళ్టి నిన్ను తోడుపెడుతోంది. ఆ వరస వెనక్కి పట్టుకుంటూ పోతే గుండు పాప దగ్గర తేలతావు.

మరి మొట్టమొదటి తోడు ఎక్కడిది? ఇంట్లో లేకపోతే ఏం చేస్తాం, గిన్నె పట్టుకుని పక్కింటికి పోతాం. నీకూ అలాగే బయటినుంచే వచ్చింది. మూడు, మూడున్నరేళ్ళ లోపు సంగతులు దాదాపు ఎవరికీ గుర్తుండవు. మెదడులో జ్ఞాపకాలు సర్దిపెట్టే చోటు అప్పటికింకా కుదురుకోదు, జరిగింది చెప్పుకోవడానికి మాటలూ సరిగ్గా ఉండవు. అందుకే ఆ రోజుల కథ అమ్మ దగ్గర ఉంటుంది. కత్తి చూసి కాదు, గుండు మీద చన్నీళ్ళు పోస్తే ఏడ్చావని ఆవిడ చెబితేనే నీకు తెలుస్తుంది. జరిగినవి విడమరిచి, మళ్ళీ మళ్ళీ చెప్పే పెద్దవాళ్ళున్న ఇంట్లో పిల్లలకు తమ కథ ఎక్కువగా గుర్తుంటుందని పరిశోధకులు కూడా అంటారు. కాబట్టి అమ్మను సతాయించు, చెప్పించుకో. నేను చెప్పానని చెప్పు.

మా చిన్నప్పుడు ఊళ్ళో నా పేరు ఎవరడిగారు గనక! చెరువు గట్టు మీద ఎవరెదురైనా "ఎవరబ్బాయివిరా?" అనే. నాన్న పేరు చెబితే చాలదు, తాత పేరు చెప్పాలి. అప్పుడు "ఓహో, వేపచెట్టు ఇంటివాళ్ళా!" అని వదిలేవారు. చాలా ఏళ్ళు నేనంటే ఆ వేపచెట్టే. బడిలో వేసేటప్పుడు పుట్టినరోజు అడిగితే మా అమ్మ "కంది పూత మీదుండగా పుట్టాడండీ" అంది. మాస్టారు కాసేపు చూసి జూలై 1 అని రాసేశారు. మా క్లాసులో సగం మందిమి జూలై 1నే పుట్టాం, అదేం వింతో! పెన్షన్ కాగితాలు ఇప్పటికీ ఆ తేదీనే నమ్ముతాయి. నేను కంది పూతనే నమ్ముతాను.

హైస్కూలుకు టౌనుకు వెళ్ళాక వేపచెట్టు అక్కడెవరికీ తెలియదు. ఎవరిలా ఉండాలో తోచేది కాదు. నాగేశ్వరరావులా క్రాపు దువ్వాను. పై క్లాసు కుర్రాడొకడు జేబులో చెయ్యి పెట్టుకుని నడిచేవాడు, నేనూ పెట్టాను. తెలుగు మాస్టారి దస్తూరి దించాను. ఆయన తలకట్టు చివర కుడివైపు కాస్త పైకి ఎగరేసి వదిలేసేవారు. ఆ నడక ఎన్నాళ్ళో నిలవలేదు. క్రాపు పోయింది, జుట్టే పోయింది. తలకట్టు మాత్రం ఉండిపోయింది, ఈ ఉత్తరంలో ఏ అక్షరమైనా చూసుకో. నలుగురి దగ్గర తలా చెంచాడు తెచ్చుకుని వేసి చూడటం ఆ వయసులో మామూలే. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త దీని గురించే రాసి పేరు పొందాడు. ఆయనకు తన కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. 1939లో అమెరికా పౌరుడైనప్పుడు ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. "నేనెవరు?" అన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదన్నమాట.

మీ అన్నయ్య ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాడు. వాడి హెయిర్ స్టైల్ చూసి నవ్వకు.

ఇంకోటి. "దీనికి లెక్కలు రావు", "ఇది ఉత్త సిగ్గరి" అని చుట్టాలు అంటూ ఉంటారు. అదీ ఎవరో తెచ్చి వేసే చెంచాడే. వద్దనుకుంటే వేయనివ్వకు. పాలు నీవి. ఇక ఆపుతాను, ఈ పెరుగు పోలిక కూడా పులుస్తున్నట్టుంది. ఎందుకంటే గిన్నెలో పెరుగు "నేను పెరుగునేనా?" అని ఎప్పుడూ అడగదు. నువ్వు అడిగావు. ఆ అడిగిందెవరు? అది నాకు చెప్పడం చేతకాదు. 1896లో మధురైలో పదహారేళ్ళ కుర్రాడు ఒకడు ఈ ప్రశ్నే పట్టుకున్నాడు. అరుణాచలం వెళ్ళిపోయి 1950లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయనే రమణ మహర్షి. నువ్వు అంత దూరం వెళ్ళక్కర్లేదు, ముందు పిన్ని కొడుకును చూడు.

మా ఇంటి వసారాలో అద్దం ఉండేది. పిచ్చుక వచ్చి అందులో పిచ్చుకను ముక్కుతో పొడిచి పొడిచి అలిసిపోయేది. అవతలున్నది తనేనని దానికి తెలియదు. చింపాంజీకి తెలుస్తుందని 1970లో గోర్డన్ గాలప్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కనుబొమ్మ మీద రంగు పూసి అద్దం పెడితే అది తన కనుబొమ్మనే తడుముకుంది. 2006లో న్యూయార్క్ జూలో హ్యాపీ అనే ఏనుగు కూడా తలమీద వేసిన గుర్తును తొండంతో తాకి చూసుకుంది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ పసిపిల్లల ముక్కుకు రంగు చుక్క పెట్టి చూసింది. ఏడాది పిల్లలు అద్దంలో పాపను చూసి నవ్వుతారు, ఆడుకుందాం రమ్మంటారు. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య ఒక రోజు చెయ్యి అద్దం వైపు కాక సొంత ముక్కు మీదకు పోతుంది. ఆ చుక్క నా మీదే ఉందని తెలిసిపోతుందన్నమాట.

దసరాకు పిన్ని కొడుకును తీసుకుని వస్తోంది. వాడికి అప్పటికి పదమూడు నెలలు. ముక్కు తుడుస్తున్నట్టు తుడుస్తూ కొనకు కాటుక చుక్క పెట్టు, వాడికి తెలియకూడదు. తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టు. వేలు చూపించకు, నవ్వకు, పేరు పెట్టి పిలవకు. చెయ్యి ఎటు పోతుందో అదొక్కటే చూడు. అద్దం మీదకు పోతే కంగారు లేదు, సంక్రాంతికి మళ్ళీ చూడు, ఉగాదికి మళ్ళీ చూడు. కాటుక కంట్లో పడకుండా జాగ్రత్త. పిన్నికి ముందే చెప్పు, లేకపోతే వీపు మోగుతుంది. ఏ పండక్కి ముక్కు పట్టుకున్నాడో నాకో కార్డు ముక్క రాసి పడెయ్యి.

ఇట్లు,
మీ తాతయ్య